నకలుగా తెరువు

వికారాబాద్‌లో రైలు బండి కదిలేసరికి నిరోషాకు కిటికీ పక్క సీటు దొరికింది, దొరికినా బయటికి చూసింది లేదు, చేతిలో ఫోన్ వెలిగించడం, ఆర్పడం, మళ్లీ వెలిగించడం, పొద్దున కాలేజీలో పిల్లలకు కంప్యూటర్ ల్యాబ్ చెప్పేటప్పుడు కూడా ఇదే పని, ఎక్కడో సముద్రాల అవతల కూర్చున్న ఒక మనిషి ఇవాళ జవాబు రాస్తానన్నాడు. ఊరికే దొరికే ఒక ఎడిటర్ ఉంది, రాతలు రాసుకునేది, లోకంలో ఎక్కడెక్కడి వాళ్లో కలిసి తయారుచేసి ఎవరికి కావాలంటే వాళ్లకు ఇచ్చేది, దాన్ని చూసుకునే నలుగురైదుగురిలో అతను పెద్దవాడు. నిరోషా దానికి ఒక కొత్త కమాండ్ రాసి పంపింది. పెట్టుకుంటారో పారేస్తారో ఇవాళ తేలాలి. ఆమె అడిగింది కొండంత పనేం కాదు. ఒక ఫైలును తెరవమంటే ఆ ఫైలునే తెచ్చి ముందు పెట్టకుండా, అందులోని రాతను పేరులేని కొత్త పేజీలోకి ఎత్తి పెట్టాలి, అంతే, ఆ తర్వాత మనిషి ఎంత మార్చుకున్నా ఎన్నిసార్లు సేవ్ కొట్టినా పాతది పాతదిగానే పడి ఉండాలి, కొత్తదానికి పేరేం పెడతావని ఎడిటరే అడగాలి. నకలుగా తెరువు. అక్కడ ఇంగ్లీషులో ఏదో పేరు రాసింది గానీ తన లోపల దాని పేరు ఇదే.

ఎందుకు కావాలి అని అడిగారు అక్కడివాళ్లు. ఎందుకో తెలియాలంటే తాండూరు బస్టాండు ఎదురు సందులోకి రావాలి, అక్కడ పాండు డీటీపీ షాపులో వాడి వెనక నిలబడి చూడాలి. పాండు తన తమ్ముడు. డీటీపీ షాపుల్లో ఎవడూ కొత్త పేజీ తెరిచి మొదటినుంచి కొట్టడు. పెండ్లి కార్డు కావాలంటే నిన్నటి పెండ్లి కార్డు తెరుస్తారు, నిన్నటి పిల్ల పేరు, పిల్లగాని పేరు తీసి ఇవాళ్టి వాళ్ల పేర్లు పెడతారు, సేవ్ కొడతారు. నిన్నటి పెండ్లి పోతుంది, పోతే పోనీ, అన్నాలు తిన్నారు, చేతులు కడుక్కున్నారు, ఇంక దాంతో ఎవరికి పని. చావు కార్డూ అంతే, ఒకరి ఫోటో తీసి ఇంకొకరి ఫోటో, ఒకరి తేదీ తీసి ఇంకొకరి తేదీ, పాండు షాపులో పోయిన ప్రతి మనిషీ ముందు పోయినవాణ్ని జరిపి ఆ జాగాలో పడుకుంటాడు. పైగా కరెంటు ఒకటి, ఎప్పుడు పోతుందో దానికే తెలియదు, అందుకని పాండు వేళ్లు రెండు మాటలు కొట్టి ఒకసారి సేవ్ కొడతాయి, వద్దన్నా ఆగవు, వెనక ఎడిటర్ దాచుకునే పాత ప్రతి కూడా ఆ కొట్టుడులో కొట్టుకుపోతుంది.

నాయిన అట్లాగే కొట్టుకుపోయాడు. మత్తయ్య రెండుసార్లు పోయాడు అనుకుంటుంది నిరోషా, ఒకసారి పెద్దేముల్‌లో మంచం మీద, ఇంకోసారి తాండూరులో కొడుకు కంప్యూటర్‌లో. వాళ్లు పోయే క్రైస్తవ ప్రార్థన మందిరంలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయిన ఏడాదికి కూడిక పెట్టుకుంటారు, ఆ కూడికలో పోయిన మనిషి బతికుండగా చెప్పిన సాక్ష్యాన్ని అతని మాటల్లోనే చదువుతారు. ఎట్లా బతికాను, ఏం పని చేశాను, దేవుడు నాకేం చేశాడు, భార్యకు ఒక మాట, పిల్లల్ని పేరు పెట్టి పిలిచి ఒక్కొక్కరికి ఒక్కొక్క మాట. నాయిన షాపులో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, ఒక మాటకూ ఇంకో మాటకూ మధ్య ఊపిరి వెతుక్కుంటూ చెప్పాడట, పాండు కొట్టాడట. నాయిన పోయిన కొన్నాళ్లకు జంగప్ప వచ్చాడు, బషీరాబాద్ మనిషి, నాయినతోపాటు బండలు కోసినవాడు, అదే దగ్గు, అదే ఊపిరి, దుమ్ముతో వచ్చిన రోగమని, నష్టపరిహారం కోసం ఆఫీసుకు అర్జీ పెట్టుకోవాలన్నాడు. పాండు ఏం చేశాడు, దుమ్ము ముచ్చట మొత్తం నాయిన ఫైలులో ఉండనే ఉంది కదా అని దాన్నే తెరిచాడు. పేరు మార్చాడు, ఊరు మార్చాడు, దేవుణ్ని తీశాడు, కోతలు కోసి కుట్లు కుట్టి, సేవ్. సేవ్. సేవ్. ప్రింటు తీసి జంగప్ప చేతిలో పెట్టినంక కుర్చీలో కూలబడ్డాడట. ఇప్పుడు చూస్తే రేపే ఏడాది కూడిక. చదవడానికి నాయిన లేడు.

నిరోషాకు కావలసింది మొత్తం కూడా కాదు. ఒక్క మాట. నా గురించి నాయిన ఏమన్నాడు?

అప్పటినుంచీ అడుగుతోంది పాండును. అమ్మ గురించి ఏమన్నాడో వాడికి యాది ఉంది, హన్మమ్మ లేకుంటే నేను ఎన్నడో పోతుంటి అన్నాడట. వాడి గురించి ఏమన్నాడో యాది ఉంది, వీడు నా దగ్గర కూసున్నడు అది చాలు అన్నాడట. నా గురించిరా? "చెప్పిండక్కా, యాది లేదు. టైపు కొట్టేటోనికి మాట చెవికి పట్టదు, వేళ్లకు పోతది. ఎన్ని అర్జీలు కొట్టిన, ఒక్కటన్న యాదున్నదా నాకు?" అది నిజమే, డీటీపీ వాళ్లందరూ అంతే, పక్కన కూర్చుని ఒకడు తన కాపురం కూలిన కథ చెబుతుంటే కొట్టుకుంటూ పోతారు, చివర్లో తలెత్తి రెండు కాపీలా మూడా అని అడుగుతారు. నిజమే కాబట్టే నిరోషాకు మంట. నువ్వే చంపినవురా నాయినను, అన్నది ఒకసారి, అమ్మ ముందరే. ఆ రోజునుంచి పాండు ఆమెతో అవసరానికే మాట్లాడతాడు.

"జర జరుగు బిడ్డా," అంటూ ఒక ఆమె గంప ఒళ్లో పెట్టుకుని పక్కన కూలబడింది, గంపలో ఉడకబెట్టిన అనపకాయలు, మీద తడిగుడ్డ, గుడ్డలోంచి ఉప్పు వాసన, ఆవిరి. కూర్చోగానే తన పేరు మైసమ్మ అనీ, తాండూరులో దిగి అమ్ముకుంటాననీ, తాండూరోళ్లు బేరం ఆడకుండా ఒక్క కాయ కొనరనీ చెప్పేసింది. నిరోషా ఫోన్ వెలిగించింది, ఆర్పింది.

"గా ఫోన్ నిన్ను సూస్తున్నదా, నువ్వు గా ఫోన్ను సూస్తున్నవా? పెండ్లి సంబంధమా ఏంది?"

"కాదవ్వా. ఓ పనిముట్టు చేసి పంపిన. తీసుకుంటరో లేదో అని."

"ఎంతిస్తరు?"

"ఏమియ్యరు."

"ఊకెనే ఇస్తున్నవా?" మైసమ్మ గుడ్డ సర్దడం ఆపి ఆమె మొహంలోకి చూసింది. "ఊకెనే ఇస్తుంటె తీసుకుంటరో లేదో అని నువ్వు పరేషాన్ అయితున్నవా? నా కాయలు గీ డబ్బల ఊకె పంచుత, ఎవడు వద్దంటడో సూస్త!" ఎదురు సీట్లో ఎవరో నవ్వారు. నిరోషాకూ నవ్వు వచ్చింది, నవ్వుతూనే మళ్లీ ఫోన్ వెలిగించింది.

అడవి వచ్చింది. అనంతగిరి గుట్టల పక్కన బండి వంపు తిరుగుతుంటే ఫోన్‌లో సిగ్నల్ గీతలు ఒకటొకటిగా పడిపోయాయి, ఇంక ధారూరు దాకా ఏమీ రాదు, ఏమీ రాకపోవడం కూడా ఒక సుఖమే, ఇప్పుడు ఎవడూ తనకు వద్దు అని చెప్పలేడు. కిటికీలోంచి చెట్లు, ఎండుగడ్డి, మళ్లీ చెట్లు, ఆకుపచ్చగానే ఉన్నాయి ఇక్కడ, తాండూరు దగ్గరి చెట్లు ఇట్లా ఉండవు, బండల ఫ్యాక్టరీల పక్క వేపచెట్లు తెల్లగా ఉంటాయి, వాన పడితే రెండు రోజులు పచ్చగా అయి మళ్లీ తెల్లబడతాయి. నాయిన ఇంటికి వచ్చేటప్పుడు కూడా తెల్లగానే వచ్చేవాడు, కనురెప్పల మీద, చెవుల వెనక, చేతుల మీది వెంట్రుకల మీద, చిన్నప్పుడు తను దాని మీద వేలితో పేరు రాసేది, ని, రో, నాయిన చేయి కదపకుండా పట్టుకుని ఉండేవాడు రాసిందాకా, షా, ఇంగ పోయి తానం చెయ్యనా టీచరమ్మా అనేవాడు. తుడుచుకుపోయేది. మళ్లీ మర్నాడు రాసేది.

అప్పుడు మంచి ఫ్యాక్టరీలోనే ఉన్నాడు. మంచిది అంటే కోసే యంత్రం మీద నీళ్ల పైపు ఉండేది. బండ మీద చక్రం ఆనిందంటే నీళ్లు పడుతుంటాయి, దుమ్ము లేవకుండా తెల్ల బురదగా కింద కారిపోతుంది, మనిషి తడుస్తాడు, ఆరితే తెల్లబడతాడు గానీ బతుకుతాడు. నిరోషా పెద్దదై డిగ్రీలో చేరింది, ఎవరో ఇచ్చిన కరపత్రాలు చదివి, దొరికిన పుస్తకమల్లా చదివి, ఇంటర్నెట్ సెంటర్లో రాత్రీ పగలూ కూర్చుని ప్రోగ్రాములు రాయడం తనకు తానే నేర్చుకుని, లోకంలో ఏది ఎట్లా తిరుగుతుందో తనకొక్కదానికే తెలిసినంత కోపంగా ఉండేది. పైపులు మొరాయించి రెండు యంత్రాలు నీళ్లు లేకుండా నడుస్తున్నాయని నాయిన అన్నం తింటూ ఊరికే అన్నాడు. మర్నాడు తను ఫ్యాక్టరీ గేటు ముందుకు పోయింది. ఒక్కతే. యజమాని కారు దిగుతుంటే అడ్డం నిలబడింది, మా నాయిన ఊపిరితిత్తులు నీకు కిరాయికి ఇయ్యలే అన్నది, ఇంకా చాలా అన్నది, లోపలి పనివాళ్లు యంత్రాలు ఆపి చూశారు, ఎవరో ఈల వేశారు కూడా. యజమాని అరవలేదు, కొట్టలేదు, చల్లగా ఒక మాట అన్నాడు. "ముక్కుకు గుడ్డ కట్టుకొమ్మని చెప్తనే ఉంట గదమ్మా. వాళ్లు కట్టుకోకుంటె నేనేం చెయ్యాలె?"

పైపులు బాగుచేయించాడు వారంలో. నాయినను తీసేశాడు. తర్వాత నాయిన దొరికిన చోటికి పోయాడు, పేరులేని ఒక రేకుల షెడ్డుకు, అక్కడ పైపులు పాడవలేదు, అసలు లేనే లేవు, పొడిగా కోయడమే, ఎదురు మనిషి కనపడడు. జంగప్ప కూడా అక్కడే. నాయిన చాలా ఏండ్లు చేశాడు అక్కడ. ఒక్కసారి, ఒక్కసారి కూడా నీవల్ల బిడ్డా అని అనలేదు. అంటే బాగుండు. అరిస్తే, కొడితే, నీ నోరు నా బతుకు తీసింది అంటే, తను ఏదో ఒకటి అనేది, కొట్లాడేది, కొట్లాడటం తనకు వచ్చు. గేటు దగ్గర జరిగినదాని గురించి నాయిన మంచీ అనలేదు, చెడ్డా అనలేదు, ఆ రోజు ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుని అన్నం తిన్నావా అని అడిగాడు. అంతే. ఆ మాట లోపల దాచుకుని ఎక్కడ పెట్టుకున్నాడు మరి? సాక్ష్యంలో పెట్టే ఉంటాడు. పేరు పెట్టి పిలిచి ఒక మాట చెప్పాలి కదా. నా బిడ్డ నిరోషా గేటు ముందు నిలబడ్డది, నాకు గర్వమైంది. అనొచ్చు. నా బిడ్డ నిరోషాను నేను క్షమించిన. అనొచ్చు. క్షమించిన అంటే తప్పు తనదేనని కదా. అయినా సరే, ఏదైనా సరే, తెలిస్తే చాలు, తెలిసినదాంతో ఎట్లాగో బతకొచ్చు.

ధారూరు. బండి ఆగగానే గీతలు లేచాయి, ఫోన్ వణికింది.

చదివింది. మర్యాదగా రాశాడు, వాళ్లందరూ మర్యాదగానే రాస్తారు. మీ శ్రమకు కృతజ్ఞతలు, కోడ్ శుభ్రంగా ఉంది, పరీక్షలు కూడా రాశారు, సంతోషం. కాని ఇందుకు కొత్త కమాండ్ అవసరం లేదని అనుకుంటున్నాం. వేరే పేరుతో సేవ్ చేసే సదుపాయం మొదటినుంచీ ఉంది. ఆ పని ముందే చేసుకోకుండా పాత ఫైలు మీద రాసుకోవడం వాడేవాళ్ల అజాగ్రత్త. ప్రతి అజాగ్రత్తకూ ఒక కమాండ్ పెట్టుకుంటూ పోతే ఎడిటర్ బరువెక్కుతుంది. ఈ చర్చను ఇంతటితో ముగిస్తున్నాం.

ముక్కుకు గుడ్డ కట్టుకోవద్దా. అదే మాట. ఏ దేశంవాడైనా, కారు దిగేవాడైనా కీబోర్డు ముందు కూర్చున్నవాడైనా, పనిముట్టు చేతిలో ఉన్నవాడు వాడుకునేవాడితో అనే మాట ఇదొక్కటే, నీళ్ల పైపు పెట్టడు, గుడ్డ కట్టుకోలేదేం అంటాడు. మరిచిపోతే చచ్చిపోయే యంత్రం ఎవడు చేశాడు అని అడగడు. మరిచిపోవడం మనిషి పని, పొద్దంతా చేసినవాడు పొద్దుగూకేసరికి ఏదో ఒకటి మరుస్తాడు, కరెంటు పోతుందని భయపడేవాడు సేవ్ కొడతాడు, ఆ కొట్టిన వేలును తప్పు పడతారా. పడతారు. తనూ పట్టింది. నువ్వే చంపినవురా అన్నది. యజమాని మాటా, ఈ సముద్రాల అవతలివాడి మాటా, తన మాటా, మూడూ పక్కపక్కన పెడితే ఎవరిది ఏదో చెప్పడం కష్టం.

"ఏమన్నరు?" మైసమ్మ అడిగింది.

"వద్దన్నరు."

"ఊకె ఇస్తె కూడ?"

"ఊకె ఇస్తె కూడ."

మైసమ్మ గుడ్డ ఎత్తి గుప్పెడు అనపకాయలు తీసి నిరోషా ఒళ్లో పోసింది. "తిను. పొద్దటిసంది ఏం తిన్నట్టు లేదు నీ మొకం. పైసలు తియ్యకు, చెయ్యి ఇరుస్త." తింటే వేడిగా, ఉప్పగా, మెత్తగా ఉన్నాయి, గింజ వత్తితే బయటికి దూకుతుంది. నాయిన తొక్కతో సహా నమిలేవాడు, గింజలు తనకూ పాండుకూ పెట్టి తొక్కలు తను నమిలేవాడు, తొక్కలోనే రుచి అనేవాడు, తను నమ్మింది, చాలా పెద్దయ్యేదాకా నమ్మింది.

ఒక చేత్తో కాయలు వత్తుకుంటూ ఇంకో చేతి బొటనవేలితో జవాబు కొట్టింది. మర్యాద వెతకలేదు, ఇంగ్లీషు సరిచూసుకోలేదు. మా దగ్గర రాయి కోసే యంత్రానికి నీళ్ల పైపు ఉంటుంది. పైపు ఉంటే మనిషి మరిచిపోయినా బతుకుతాడు. పైపు లేని యంత్రం ముందు ఎంత జాగ్రత్తగలవాడైనా చస్తాడు, నేను చూశాను. మీ ఎడిటర్ బరువెక్కుతుందని మీకు బాధ. మా బరువులు మీరు చూడలేదు. ముగించామని మీరు రాశారు, నేను ముగించలేదు. పంపేసింది. పంపినంక ఏమీ తేలికపడలేదు.

కంది చేన్లు వస్తున్నాయి, కోసినవి కొన్ని, కోయనివి కొన్ని, కట్టలు కట్టి నిలబెట్టినవి దూరంనుంచి మనుషులు గుంపుగా నిలబడినట్టున్నాయి. నిన్న పాండు పంపిన ఫైలు తెరిచింది. జంగప్ప అర్జీ. కింద ఒక ముక్క రాశాడు పాండు, ఇందుల నాయినయి ఏమన్న దొరుకుతె తీస్తవా అక్కా, కూడికల సదువుదము. నిన్ననుంచి అదే పని, బియ్యంలో రాళ్లేరినట్టు జంగప్పలోంచి నాయినను ఏరడం. 'పొద్దున పనికెక్కినంక పక్కోని మొకం తెలుస్తలేకుండె, దగ్గు ఇని గుర్తు పడుతుంటిమి.' ఇది నాయినదే, నాయిన ఇట్లాగే అంటాడు, కాని జంగప్పా అక్కడే ఉన్నాడు కదా, అతనూ అనొచ్చు. 'రాత్రి పండుకుంటె ఛాతి మీద బండ పెట్టినట్టుంటది.' ఎవరిది? 'మాకు రాయి అన్నం పెట్టింది, రాయే తిన్నది.' నాయిన. కాదు, నాయిన రాయిని ఒక్క మాట అనడు, రాయేం చేసింది పాపం అనేవాడు. అయితే జంగప్ప. ఇద్దరి ఊపిరీ ఒకే దుమ్ముతో నిండింది, ఇద్దరి మాటా ఒకే వేళ్లలోంచి దిగింది, ఏ గీత గీసి వేరు చేయాలి. అర్జీ నడుమ ఒకచోట ఖాళీ ఉంది. 'నా కొడుకు చేనుకు పోతడు' అన్న వరుస తర్వాత కొన్ని వరుసలు ఏమీ లేవు, తెల్లగా, ఆ తర్వాత 'కావున తమరు దయతలచి' అని మొదలవుతుంది. నిన్న చూసినప్పుడు పాండు పనితనం ఇంతే అనుకుంది, ప్రింటులో కూడా అట్లాగే పోయి ఉంటుంది, ఆఫీసులో ఎవరో నవ్వి ఉంటారు. ఇప్పుడు మళ్లీ చూసింది. జంగప్ప కొడుకున్న చోట ముందు పాండు ఉండి ఉంటాడు. కొడుకు తర్వాత బిడ్డ. జంగప్పకు ఆడపిల్లలు లేరు. తీసేశాడు. ఇక్కడే, ఈ తెల్ల వరుసల్లోనే నా మాట ఉండె. ఫోన్ మీద వేలు పెట్టింది, ఆ ఖాళీ మీద, దుమ్ము తుడిస్తే కింద రాత కనబడుతుందేమో అన్నట్టు అటూ ఇటూ రాసింది. పేజీ పైకీ కిందికీ జారింది, అంతే.

రుక్మాపూర్ దాటింది. పట్టాల పక్కన బండల గుట్టలు మొదలయ్యాయి, పగిలినవి, పనికిరానివి, ఒకదాని మీద ఒకటి, పలకలు పలకలుగా. చెట్లు తెల్లబడ్డాయి. సాయంత్రపు ఎండ ఆ దుమ్ములోంచి వచ్చి డబ్బాలో అందరి మొహాల మీదా పడింది, మైసమ్మ జుట్టు మీద కూడా. తాండూరులో దిగుతూ మైసమ్మ గంప నెత్తిన పెట్టుకుని, "వద్దన్నోల్లను ఇడిసిపెట్టకు బిడ్డా, మల్ల అడుగు, నేను గట్లనే అమ్ముత," అని గుంపులో కలిసిపోయింది.

పాండు ప్లాట్‌ఫారం చివర సిమెంటు బెంచీ మీద ఉన్నాడు. షాపునుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, వేళ్లకు ప్రింటరు నలుపు. ఏడాదిలో బక్కపడ్డాడు, నాయిన మెడ వాడికి వచ్చింది. సంచి అందుకుని నడవబోయాడు. నిరోషాయే ఆగింది, నడవలేదు.

"వద్దన్నరు తమ్మి."

"గట్లనా?" అన్నాడు వాడు, నిజంగా బాధపడ్డాడు. "మంచిగుండె గదక్కా అది. నేను ఎడిటర్‌ల నువ్వు మన షాపుల పెట్టిచ్చినప్పటిసంది దాంతోనే తెరుస్తున్న."

"మల్ల అడుగుత. ఇడిసిపెట్ట." ఫోన్ తీసి ఆ ఖాళీ చూపించింది. "ఇది చెప్పు. గీడనే గదా నా మాట ఉండె? నువ్వు తీసిన జాగ ఇదే గదా? నేను నిన్నేమన్ననో అన్న, అది తప్పు, వేలుది తప్పు కాదు. నాకు గిది ఒక్కటి చెప్పు. ఎంత పొడుగుండె? రెండు మాటలా, నాలుగు వరుసలా? చిన్నగుండెనా?"

పాండు ఫోన్ చూశాడు. అటు బండి కూత వేసి కదిలింది, వాడు బెంచీ మీద కూర్చుని సంచి కాళ్ల మధ్య పెట్టుకున్నాడు.

"గీడ నేనేం తియ్యలే అక్కా."

"మరి?"

"మొదటిసంది గిట్లనే ఉండె. నా గురించి చెప్పిండు. తర్వాత నిరోషా అన్నడు. అని ఊకున్నడు. నేను వేళ్లు పెట్టి కూసున్న, ఎంతసేపు కూసున్ననో. నీళ్లడిగిండు, తాగిండు. మల్ల నిరోషా అన్నడు. తర్వాత, గీడ జాగ ఇడిసిపెట్టు పాండు, నిరోషాది రేపొచ్చి చెప్త, గిట్ల ఉర్కుడు ఉర్కుడు చెప్పేది కాదు, అన్నడు. నేను జాగ ఇడిసిన." వాడు చేతులు చూసుకున్నాడు. "రేపు రాలే."

నిరోషా నిలబడే ఉంది. "మరి యాది లేదంటివి."

"నాయిన ఏమనలేదు అంటె నువ్వు ఏమనుకుంటవో నాకు తెల్వదా? కోపమొచ్చి చెప్పలేదు అనుకుంటవ్. గేటు కాడిది మనసుల పెట్టుకున్నడు అనుకుంటవ్. నామీద కోపమైతె నడుస్తదక్కా, నేను బతికున్న, తిడితె పడత. నాయిన మీద ఎట్ల పెట్టుకుంటవ్, ఎవర్ని అడుగుతవ్."

తన గురించి చెప్పిందేదీ పోలేదు. చెప్పనేలేదు. ఏడాది కొట్లాడింది, లోకంతో కొట్లాడింది, రాని భాషలో కొట్లాడింది, పోనిదాన్ని కాపాడే కమాండ్ కోసం. ఏ నకలు తెరిస్తే దొరుకుతుంది, నోటిదాకా వచ్చి ఆగిన మాట. ఉర్కుడు ఉర్కుడు చెప్పేది కాదు, ఉరుకులు పరుగుల మీద చెప్పేది కాదు. అది మంచి మాటా, చెడ్డ మాటా, ఆ మాటను కూడా ఆమె అప్పుడే అటూ ఇటూ తిప్పి చూడటం మొదలుపెట్టింది, దానికీ రెండు వైపులున్నాయి, దానికీ అడుగు తగలదు. బెంచీ మీద వాడి పక్కన కూర్చుంది. చేయి ఆనించిన చోట తెల్లగా అయింది, బెంచీ మీద దుమ్ము, ఊరంతా ఉన్న దుమ్మే.

"జంగప్పది కొట్టేటప్పుడు గా జాగ ఎందుకు మూయలే?" అడిగింది.

"అన్నీ తీసినక్కా, చూసుకోకుండ అన్నీ తీసిన. గీ జాగ కాడికొస్తె మాత్రం వేళ్లు ఆడలే. ఎందుకో తెల్వది." పాండు ముక్కు తుడుచుకున్నాడు, నలుపు అంటింది. "రేపు పాస్టరు సదవమంటడు. దుమ్ము ముచ్చట సదువుదము, అవి ఇద్దరియి. జంగప్ప కూడ వస్త అన్నడు, సదువు నాది కూడ అన్నడు. అమ్మది, నాది నాకు యాదే ఉన్నది, చెప్త. నీ కాడికొచ్చినంక ఏం సదవాలె?"

నిరోషా బెంచీ మీది దుమ్ములో వేలు పెట్టింది. ని అని రాయబోయి, ఆగింది.

"నా పేరు సదువు," అన్నది. "సదివి ఊకో. జరసేపు ఊకుని, తర్వాత ఏమున్నదో అది సదువు."